కడప చుక్క

జొన్నరొట్టె అంచు మళ్లీ పగిలింది. "ఈ మధ్య నీ రొట్టె శానా మందంగా ఉంటాండాది" అన్నాడు నారాయణ, తింటూనే. కీళ్లవాతంతో మద్దిలేటమ్మ వేళ్లు ఉబ్బి ఏడాదయింది. పిండి తట్టిన ప్రతిసారీ నొప్పి మోచేతి దాకా పాకుతోంది. మొగుడికి రొట్టె మందం కనపడింది గానీ పెళ్లాం వేళ్ల లావు కనపడలేదు. ఒళ్లు మండింది. అయినా ఇంకో పిండిముద్ద తీసుకుంది.

ఆమె పని చేసేది కర్నూల్లో ఓ చిన్న సంస్థలో. కొత్త మందులను రోగుల మీద పరీక్షించే ఆస్పత్రులు ఎక్కడెక్కడున్నాయో కంప్యూటర్ మ్యాపు మీద చుక్కలుగా పెట్టడం ఆ సంస్థ పని. జబ్బు, పుట్టిన సంవత్సరం, ఊరు కొడితే ఆ మనిషికి సరిపోయే చుక్కలే పచ్చగా వెలుగుతాయి. కోసిగి నుంచి మంగంపేట దాకా ఎందరికో అలా దారి చూపించింది గానీ, తన కోసం ఒక్కసారీ వెతుక్కోలేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించే మనిషికి గిన్నెలో తనకేం మిగిలిందో చూసుకునే అలవాటు ఉండదు కదా!

ఆ రోజు వెతుక్కుంది. కడప మీద ఒక చుక్క వెలిగింది. పక్క సీటు సాజియా సంబరపడిపోయింది. "అక్కా, కీళ్లవాతం మందే! నలభై ఐదేండ్ల లోపోళ్లకంట. ఆధార్ కార్డు తీస్కపో, అంతే!"

ఆధార్ అనగానే మద్దిలేటమ్మ చేయి ఆగిపోయింది. తాను కొట్టింది అసలు పుట్టిన సంవత్సరం. అదెలా వచ్చిందో చేతికి! ఆధార్ ప్రకారం తనకు నలభై ఏడు. ఆ సంవత్సరం కొట్టింది. చుక్క మాయమైంది. మళ్లీ అసలుది కొట్టింది, నలభై నాలుగు. వెలిగింది.

పెళ్లినాటికి ఆమెకు పదిహేనేళ్లు. "పద్దెనిమిదని రాపీండప్పా, ఎవురు సూడొచ్చినారు" అన్నాడు మామ. ఎవరూ కాదనలేదు. ఆ దొంగ మూడేళ్లు రేషన్ కార్డులోకి, అక్కడి నుంచి ఆధార్‌లోకి ఎక్కాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా అడిగిన ప్రతిచోటా అదే చెప్పీ చెప్పీ, ఏ వయసు తనదో తనకే తికమక. కాగితాల్లో ఆమెకు పదహారో ఏడూ పదిహేడో ఏడూ ఈ ఇంట్లో రానేలేదు. మరి ఆ రెండేళ్లూ ఇక్కడ నీళ్లు మోసిందెవరు? బిడ్డను కన్నదెవరు?

పోనీ, పోయి ఏం లాభం? ఆ పరీక్షలో సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర ఇస్తారని మ్యాపులో ఎక్కించింది తనే. పోకపోతే మాత్రం ఏం లాభం? సాయంత్రం దాకా ఎటూ తేలలేదు.

ఇంటికొచ్చి మొగుడితో అంతా చెప్పింది. "మా కోసిగి బడి రిజిస్టర్లో అసలు తేదీ ఉండాది. ఆ కాగితం తెస్తే ఆధార్‌లో మారుస్తారంట."

"మార్చినంక? పెండ్లినాటికి నీకెన్నేండ్లో లెక్క కట్టరా జనాలు? సచ్చిపోయిన మా నాయన పరువు తీస్తావా?" నారాయణ గొంతు లేచింది. "ఆ మందు కూడా పని చేస్తాదో లేదో తెలీదంటాండావు."

ఆ చివరి మాట నిజమే.

మంచం మీద నుంచి అత్త లక్ష్మీదేవమ్మ గొణిగింది. "సిన్నపిల్లే కదరా. కాపరానికొచ్చేటప్పుడు వామనగుంటల చింతగింజలు కొంగున కట్టుకోనొచ్చింది."

మద్దిలేటమ్మకు ఏడుపొచ్చింది. ఆ గింజలు ఏమయ్యాయో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

తెల్లారి ఆమె రొట్టెలు తట్టలేదు. కోసిగి పోవడానికి చీర మార్చుకుంది. మందు దక్కుతుందో లేదో ఇంకా తెలియదు. నారాయణ గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"రేపు నలుగురూ అడిగితే నేనేం చెప్పల్ల?"

"పదైదేండ్ల పిల్లను చేసుకుంటినని చెప్పు" అంది మద్దిలేటమ్మ, సంచి భుజానికి తగిలించుకుంటూ.