గుమ్మం మీది మేకు

తడి గోడ వాసన.

నీళ్లు తాగిన గోడకు ఒక వాసన ఉంటుంది. రాజలింగం గుమ్మం కింద స్టూలు వేసుకుని, ఎక్కకుండా, ఆ వాసనే పీలుస్తూ నిలబడ్డాడు. పైన దిష్టి గుమ్మడికాయ లేదు. అది వేలాడిన ఇనుప మేకు మాత్రం ఉంది. మేకు కింద గోడ మీద ఒక సన్నని నీటి చార... ఇంకా ఆరలేదు.

బయట వాన. గట్టిగా కురవదు, ఆగనూ ఆగదు. వరండాలోంచి చూస్తే రోజూ కనిపించే మౌలాలి గుట్ట కూడా కనిపించడం లేదు.

హాస్టల్ ఖాళీగా ఉంది. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో యూనివర్సిటీ తరగతులు ఆగిపోయాయి, పిల్లలు ఊళ్లకు పోయారు. గదులు ఖాళీగా ఉన్నప్పుడే బాగుచేయించాలని పైవాళ్లు అనుకున్నారు. మేస్త్రీలు వచ్చి గోడల పాత గిలాబు పూత కొట్టేశారు. పిల్లలు బొగ్గుతో రాసిన నినాదాలు ఆ గిలాబుతోనే రాలాయి. ఆ ముక్కలన్నీ తట్టలకెత్తి బయట పోసింది లచ్చవ్వ.

లచ్చవ్వ లేదు.

మొన్న పొద్దున ఉంది. మొన్న మధ్యాహ్నానికి లేదు.

మేస్త్రి పోచయ్య భార్య ఆమె. కొత్త గిలాబు పూసిన గోడలకు నీళ్లు కొట్టడం ఆమె పని. నీళ్లు కొట్టకపోతే గోడ పగుళ్లిస్తుంది. సొట్టలు పడ్డ డబ్బాతో ఆమె నీళ్లు విసిరితే గోడల మీద పడేవి కొన్ని, మేస్త్రీల మీద పడేవి కొన్ని. పని వేళ కునుకు తీసేవాడికి స్నానమే. రాజలింగం వైరు చుట్ట భుజాన వేసుకుని వరండాలో కనిపిస్తే చాలు, డబ్బా ఎత్తేది.

"నీళ్లంటే భయం గద నీకు, కరెంటు తమ్మీ."

నిజంగానే భయం. భయం లేని వైర్‌మన్ ఎక్కువ కాలం బతకడు. అతను నవ్వి పక్కకు జరిగేవాడు. ఆమె ఇంకా గట్టిగా నవ్వేది. ఆమెకూ కాస్త భయం ఉండి ఉంటే...

అలా అనుకోకూడదు. అయినా మొన్నటి నుంచీ అదే అనుకుంటున్నాడు.

కరెంటు పనివాళ్లకు ఒక అలవాటు ఉంది. అనుమానం ఉన్నదాన్ని అరచేత్తో ముట్టుకోరు. చేతి వెనకవైపుతో తాకి చూస్తారు. వెనకవైపు తాకితే చెయ్యి ఎగిరి వెనక్కి వస్తుంది, మనిషి బతుకుతాడు. అరచెయ్యి తాకితే ముడుచుకుపోతుంది. పట్టుకున్నదాన్ని ఇక వదలదు.

లచ్చవ్వకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. గోడకు నీళ్లు కొడుతూ గుమ్మం దాకా వచ్చింది. దిష్టికాయ తడిస్తే కుళ్లిపోతుందని, పక్కకు జరుపుదామని చెయ్యెత్తింది. కాయను కట్టిన ఇనుప తీగను పట్టుకుంది. తడి చేత్తో. అరచేత్తో.

వదల్లేదు.

వైర్‌మన్ మెయిన్ తీసి కరెంటు ఆపలేదన్నారు. మెయిన్ ఎందుకు తియ్యాలి? చివరి గదిలో బల్బు వెలగాలని, లైను ఇమ్మని చెప్పింది సూపర్‌వైజరు ఉమాపతే. ఆ మాట ఆయన ఇప్పుడు మరిచిపోయాడు. రేపు కరెంటు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, ఈలోగా లైను బాగుచేయమని చెప్పాడు. అడిగితే తప్పు వైర్‌మన్‌దే అని చెప్పక తప్పదని, వేరే పని చూసుకోమని కూడా చెప్పాడు. గొంతు పెంచలేదు. భుజం మీద చెయ్యి వేసి బయటికి పంపడం ఆయనకు బాగా వచ్చు.

పని పోతే పోనీ. తార్నాకలో కొత్త ఇళ్లు లేస్తున్నాయి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

కానీ బస్తీలో నల్లా దగ్గర, భార్య భూదేవిని చూసి ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె ఖాళీ బిందెతో ఇంటికి వచ్చి, దాన్ని మూలన బోర్లించి, గోడ వైపు తిరిగి కూర్చుంది. లచ్చవ్వను చంపినవాడి పెళ్లాం. బస్తీలో భూదేవికి ఇప్పుడు అదే పేరు.

బోర్లించిన బిందె చప్పుడు అతనికి ఇక్కడ కూడా వినిపిస్తోంది.

అతను మెయిన్ దగ్గరికి పోయాడు. ఫ్యూజు ఊడదీసి, అక్కడ పెట్టకుండా, ఖాకీ నిక్కరు జేబులో వేసుకున్నాడు. ఫ్యూజు తన జేబులో ఉంటే ఇంకెవరూ లైను ఇవ్వలేరు. తిరిగొచ్చి స్టూలు ఎక్కాడు. లైను లేదని తెలిసి కూడా మేకును చేతి వెనకవైపుతోనే తాకాడు.

చల్లగా ఉంది. అంతే.

ఉలి పెట్టి మేకు చుట్టూ గిలాబు రాల్చాడు. ఆ హాస్టలంతా రాతి కట్టడం. ఆ గోడలో మేకు దిగదు, వంగిపోతుంది. గిలాబు రాలాక ఉలికి రాయి తగలాలి.

తగల్లేదు. చెక్క తగిలింది.

పాత వైరింగ్ చెక్క పట్టీ. దాని మీద పాత తీగలు, క్లిప్పులతో సహా, గిలాబు కింద అలాగే ఉన్నాయి. మేకు సరిగ్గా తీగ మీద దిగింది. రబ్బరు చీలి, లోపలి రాగి మేకును ఆనుకుని ఉంది.

అతనికి అంతా తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండేది.

గుమ్మం దాకా వస్తే తనను పిలవమని, పట్టీ ఊడదీస్తానని మేస్త్రీలకు చెప్పాడు. వాళ్లు గుమ్మం దాకా వచ్చేసరికి తాను వైరు కోసం స్టోరుకు పోయి ఉన్నాడు. సిమెంటు మాలు కలిపి ఉంది. కలిపిన మాలు ఎవరికోసమూ ఆగదు, గట్టిపడి దండగైపోతుంది. దండగ చేయడం పోచయ్యకు చేతకాదు. పట్టీ మీదనే పూసేశాడు. నున్నగా, కింద ఏముందో ఎవరికీ తెలియనంత బాగా పూశాడు.

మేకు కొట్టిందీ పోచయ్యే.

పనివాళ్లెవరికీ దెబ్బ తగలకూడదని, ఎవరి కన్నూ పడకూడదని గుమ్మడికాయ తెచ్చాడు. అప్పటికి ఇంకా లైను ఇవ్వలేదు. ఆ రోజు రాజలింగం ఇక్కడే ఉన్నాడు. రాతి గోడలో మేకు రెండు దెబ్బలకే దిగింది. "సల్లగ దిగింది, తల్లి దయ" అని పోచయ్య మురిసిపోయాడు. లచ్చవ్వ కింద నిలబడి చేతులు జోడించింది. రాతిలో మేకు అంత సులువుగా ఎట్లా దిగిందని ఎవరూ అడగలేదు.

రాజలింగం కూడా అడగలేదు.

మేకు పీకాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. రేపు ఇన్‌స్పెక్టరుకు ఈ మేకును, చిల్లు పడ్డ ఈ పట్టీని చూపిస్తే చాలు. పని నిలబడుతుంది. భూదేవి బిందె నిండుతుంది. తాను చంపలేదని అందరికీ తెలుస్తుంది.

ఎవరు చంపారో కూడా తెలుస్తుంది. పోచయ్యకే ముందు తెలుస్తుంది.

మేకును జేబులో వేసుకున్నాడు. రబ్బరు చీలిన తీగ తీసేశాడు. పట్టీ ఊడదీసి మూలన పడేశాడు. రాతి మీద ఇనుప గొట్టం బిగించి, అందులోంచి కొత్త తీగ లాగాడు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. మనసు మాత్రం నల్లా దగ్గరికీ, పోచయ్య ఇంటికీ తిరుగుతూనే ఉంది. రెండు చోట్లా ఏడుపే.

సాయంత్రానికి తీగ అతికింది. గోడ మూయడం ఒక్కటే మిగిలింది.

వరండాలో అడుగుల చప్పుడు.

పోచయ్య. గడ్డం మాసి ఉంది, తల మీద గోనెసంచి, చంకలో ఒక కొత్త బూడిద గుమ్మడికాయ. మైలలో ఉన్నవాడు దిష్టికాయ కట్టకూడదు. అది అతనికి తెలుసు. తెలిసే వచ్చాడు.

లచ్చవ్వ తమ్మీ అని పిలిచేది కాబట్టి, పోచయ్యకు రాజలింగం బామ్మర్ది. ఇవాళ కూడా అట్లాగే పిలిచాడు.

"నీ తప్పు గాదు బామ్మర్దీ. బస్తీల అందరు అంటున్రు గని, నేనన్లే. దిష్టి తగిలింది. నేను కట్టిన కాయకు బలం లేకుండె."

రాజలింగం స్టూలు దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది.

రేపటి నుంచి లచ్చవ్వ డబ్బా రాములవ్వ పట్టుకుంటుందట. చిన్న పిల్లల తల్లి. ఆమెకన్నా ఏమీ కావద్దని, మంచి కాయ కోసం వానలో మల్కాజ్‌గిరి దాకా నడిచి పోయొచ్చానని పోచయ్య చెప్పాడు. చెబుతూ పైకి చూశాడు.

"గాడ మొల ఉండె గద," అని మేకు లేని చోటు చూపించాడు.

"తీసిన బావా. పనికి అడ్డమొచ్చింది."

పోచయ్య తల ఊపాడు. అతని చూపు తెరిచిన గోడ మీదుగా కిందికి జారి, మూలన పడేసిన చెక్క పట్టీ మీద ఆగింది. పట్టీలో మేకు చిల్లు కనిపిస్తూనే ఉంది. చూపు అక్కడే ఉంది... తెలిసిందా? తెలియలేదా? ఆ ముఖంలో రాజలింగానికి ఏమీ దొరకలేదు. వాన చప్పుడు మాత్రం పెరిగింది.

పోచయ్య అరచెయ్యి చాపాడు.

"అదే ఇయ్యి. సల్లగ దిగిన మొల గద."

రాజలింగం చెయ్యి జేబులో ఉంది. జేబులో ఫ్యూజు ఉంది, మేకు ఉంది. మేకు మీద పిడికిలి బిగుసుకుంది. లైను లేదు. లైను లేదని అతనికి తెలుసు. అయినా వేళ్లు విడవడం లేదు.

పోచయ్య చాపిన చెయ్యి దించలేదు.

పైన, మేకు లేని చోట, ఒక నీటి చుక్క ఊరింది. ఇంకా జారలేదు.

తడి గోడ వాసన...