మోకాలి మీట

పెడల్ గిటారును బల్ల మీద బోర్లించగానే సుజానాకి కనిపించింది: చెక్క అడుగున ఎవరో నాలుగు బెజ్జాలు తొలిచారు!

పదకొండు గంటల కిరండూల్ పాసింజరు రైలుకి విశాఖ నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. ఈలోగా శుభ్రం చేసి పెట్టెలో సర్దుదామని ఆమె అరకు చర్చికి వచ్చింది. ఎప్పుడో ఓ మిషనరీ దొర వదిలివెళ్లిన వాయిద్యం అది. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. ఎడమచేతిలోని ఇనపకడ్డీ తీగల మీద జారుతుంటే, పాదంతో పెడల్ నొక్కగానే ఒక్క తీగ స్వరం మాత్రం పైకి లేస్తుంది. బడిలో లెక్కలు చెప్పే సుజానా పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం దాన్ని వాయిస్తోంది. ఈ రోజు అది వెళ్లిపోతే ఆమె చేతికి అలాంటిది మళ్లీ దొరకదు.

అమ్మకం నిర్ణయం సంఘపెద్ద బర్నబాది. పోయిన నెల అందరి ముందూ లేచి తేల్చేశాడు. "మన ఆడోళ్ల కొండపాట దీనికి రాదు. ఒక గొంతుక నిలబడుంటే రొండో గొంతుక కిందికి దిగాల. దీనికి పైకెగరడమే తెలుసు. అమ్మీసి కీబోర్డు కొందాం." అందులో అబద్ధం లేదు. సుజానాని ఎక్కువగా కాల్చింది అదే.

పోతూపోతూ ఈ దెబ్బ కూడానా? ఆమె వేలితో బెజ్జాల అంచులు తడిమింది. ఒక్క పేడు కూడా లేవలేదు. లోపల ఏదో మెరిసింది. వంగి చూసింది. ఒకదానికొకటి కలిపిన సన్నటి కడ్డీలు తీగల కొస దాకా వెళ్లాయి. వాటి ఈ చివర ఇనప మీట బిగించి ఉంది. మీటకు తోలు చుట్టి, ఆ తోలును దారంతో కుట్టారు.

గిటారును నిలబెట్టి కూర్చుంది. ఎడమ మోకాలికి మీట సరిగ్గా తగిలింది. మూడు తీగలు మీటి, మోకాలు పక్కకు నెట్టింది. రెండు తీగలు అలాగే నిలిచాయి. మూడోది మాత్రం మెత్తగా అర స్వరం దిగింది! వదలగానే స్ప్రింగు దాన్ని యథాస్థానానికి లాగేసింది. పదిసార్లు నెట్టి చూసింది. పదిసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోటికి దిగింది.

పరుగున వెళ్లి ఎదురుగా సైకిలు షాపు నడిపే సోంబరును పట్టుకొచ్చింది.

"ఇవి సైకిలు బ్రేకు కడ్డీలు. నువ్వేగా బిగించింది?"

సోంబరు నేలమీద వెల్లకిలా పడుకుని అడుగు భాగమంతా చూశాడు. ఎంతకీ లేవడే!

"నిద్దరోయావేటి?" అంది సుజానా.

"ఉండు టీచరమ్మా, సూడనీ. కడ్డీలు నాయే. పని నాది కాదు. మాం సైకిలోళ్లం వొంచి, సుత్తితో రొండు దెబ్బలేసి బిగించీత్తాం. ఇక్కడ సూడు, మూలకాడ కడ్డీ తిరిగే కీలు. ఆకురాయితో ఎన్నాళ్లు అరగదీసినాడో! ఇది రైలు సిగ్నలోళ్ల పనితనం. ఇక్కడ లాగితే అక్కడెక్కడో సిగ్నలు సెయ్యి దిగాల."

"కడ్డీలు ఎవరికిచ్చావు?"

"సెప్పనని ఒట్టేసినాను. నువ్వు లెక్కల టీచరువి గదా, లెక్కేసుకో."

లెక్క చిన్నదే. టైడా స్టేషనులో సిగ్నలు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి అరకులో ఒక్కడే, బర్నబా. కానీ అమ్మేద్దామన్నవాడే ఇలా ఎందుకు చేస్తాడు?

స్టేషను వైపు రైలు కూత వినిపించింది. సుజానా మళ్లీ కూర్చుని కొండపాట ఎత్తుకుంది. ఒక గొంతు నిలబడింది, రెండోది దాని పక్కనుంచి కిందికి దిగింది. సోంబరు తల ఊపుతూ గోడకు ఆనుకున్నాడు. పాట నాలుగైదుసార్లు తిరిగేసరికి గుమ్మంలో బర్నబా ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. కొనేవాళ్లు వెంట లేరు. మీట వైపే చూస్తున్నాడు.

"టైడాలో నువ్వు చేసిన పని ఇదేగా, తాతా?" అంది సుజానా చెయ్యి ఆపకుండా.

బర్నబా బెంచీ మీద కూర్చున్నాడు.

"నానే సేసినాను గుంటా. ఈ వారం నువ్వు బడికెళ్లిన మజ్జాన్నాలు, నా కాడున్న తాళంతో తీసి సేసినాను. ఆవేళ అందరి ముందూ అలా అనీసి ఇంటికెళ్లినాక, ఇరవయ్యారేళ్లు మైలు దూరంలో సిగ్నలు సెయ్యి దించినోడిని, జానెడు దూరంలో ఒక్క తీగ దించలేనా అనిపించింది. ముందే ఎందుకు సెప్పలేదంటావా? సెడిపోతే నీ మొకం ఎలా సూడను? తొలి బెజ్జానికి మూడుసార్లు కొలుసుకున్నానమ్మా, రొండోదానికి పర్లేదు. ఇశాకపట్నమోళ్లు రైలు దిగినారు. అమ్మం అని సెప్పీసి, టీ సెప్పి కూకోబెట్టొచ్చినాను. తిట్టుకుంటన్నారు, తిట్టుకోనీ. ఆదివారం సంఘం ముందు నాను అన్నది తప్పని నానే నిలబడి సెప్తాను. గిటారు తప్పు కాదు, అడుగున ఒక మీట తక్కువైంది, అంతే. నువ్వు మాత్రం కోపం పెట్టుకోకు. కుడి మోకాలికాడ ఇంకో మీటకి కూడా జాగా ఉన్నాది, కొలిసీసినాను."