గొంగడి కప్పిన మధ్యాహ్నం

కరెంటు పోయి చాలాసేపయింది. కూలరు ఆగిపోవడంతో రేకుల ఇల్లు పొయ్యి మీది మూకుడులా కాగుతోంది. లింగవ్వ పొద్దుటి నుంచి గడప దాటలేదు. ఈ వేసవిలో భర్త మొగిలి పెట్టిన కట్టడి అది. కూరగాయలకు కూడా తానే తెల్లారగానే వెళ్లి ఎండ ముదరక ముందే వచ్చేస్తున్నాడు. ఎండలో తిరిగేవాళ్లకే ఎండదెబ్బ తగులుతుందనీ, ఇంట్లో కూర్చున్న మనిషికి భయం లేదనీ అతని నమ్మకం.

అన్నానికి పిలిస్తే లింగవ్వ లేవలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. పైగా చిన్నగా వణుకుతోంది.

"ఏందే, జరమొచ్చిందా?"

"షిఫ్టుకు టైమైతాంది," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "టిఫిన్ కట్టిన. జల్ది పో."

అతను బొగ్గు గని నుంచి రిటైరై ఏళ్లయింది. జ్వరం తలకెక్కి సంధి మాటలు వస్తున్నాయనుకున్నాడు.

దండెం మీది నల్ల గొంగడి లాగాడు. బాయిలో బొగ్గు కొట్టే రోజుల్లో భూమి లోపలి ఉక్కకు ఒళ్లంతా తడిసి ముద్దయ్యేది. అలా పైకి వచ్చిన మనిషికి చల్లగాలి తగిలితే మంచం పడతాడని కార్మికులందరికీ భయం. అందుకే అతను డ్యూటీ దిగి వచ్చేసరికి లింగవ్వ వాకిట్లో గొంగడి పట్టుకుని నిలబడేది. చుట్టబెట్టి, ఒళ్లు తేలికపడేదాకా విప్పనిచ్చేది కాదు. ఆ పనే ఇప్పుడు అతను ఆమెకు చేశాడు. మెడదాకా కప్పి, అంచులు ఒంటి కిందికి దోపి, గాలి తగలకుండా కిటికీ కూడా మూశాడు. చెమట పడితే జ్వరం దిగుతుంది. పక్కన కూర్చుని ఆ చెమట కోసం ఎదురుచూశాడు.

చెమట రాలేదు. కాసేపటికి వణుకు ఆగింది. తగ్గుతోందనుకున్నాడు గానీ, ఊపిరి కుక్కపిల్ల రొప్పినట్టు వస్తోంది. పిలిస్తే ఇప్పుడు సంధి మాటలు కూడా లేవు.

"మొగిలన్నా, ఫ్రిజ్జుల ఐసు కరుగుతాంది. మీ కుండల ఏస్కోండ్రి," అంటూ పక్కింటి లతీఫున్నీసా గిన్నెతో లోపలికి వచ్చింది. ఆమె దవాఖానలో ఆయా. మంచం వైపు చూసి నవ్వింది. "ఏందన్నా, వదినెను పెండ్లిపిల్ల లెక్క మూట గట్టినవ్?"

లింగవ్వ పాదం ముట్టుకోగానే ఆమె నవ్వు పోయింది.

"జరం, చెల్లె. చెమట పడ్తె దిగుతది."

"జరం గాదు. ఎండదెబ్బ. తియ్యి గొంగడి."

"ఎండదెబ్బ ఎట్లయితది? గడప దాటలే."

"ఎండే గడప దాటొచ్చింది గదన్నా. వారం సంది మా దవాఖానకు అందరు ఇండ్లల్ల నుంచే వస్తున్నరు. తియ్యి ముందు."

తీశాడు. గొంగడి లోపలి వైపు, అప్పుడే నిప్పుల మీంచి తీసినట్టుంది. నల్లా తిప్పితే ట్యాంకు నీళ్లు చెయ్యి కాల్చాయి. కుండలోని నీళ్లన్నీ లింగవ్వ చీర మీద గుమ్మరించాడు. లతీఫున్నీసా ఐసును తువ్వాలలో చుట్టి చంకల్లో, మెడ కింద పెట్టి, గుమ్మంలోంచి కొడుకును కేకేసింది. "సర్వర్, ఆటో తియ్యి."

ఆటోలో భార్య తలను ఒళ్లో పెట్టుకున్నాడు మొగిలి. "గట్టిగ పట్టుకో కాకా. గీ రోడ్డు మీద గుంతలన్ని నాకు సుట్టాలే, పలకరించకుంట పోనియ్యవు," అన్నాడు సర్వర్. అతని గొంతులోనూ భయముంది. పక్కల నుంచి కొలిమి గాలి కొడుతోంది. అయినా అదే గాలి తడిచీరను తాకి కాస్త చల్లగా మారుతుంటే, ఆ కాస్త చల్లదనానికి మొగిలి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

దూరంగా పవర్ హౌస్ గొట్టాల మీద పొగ నిలబడి ఉంది. అతను కొట్టిన బొగ్గంతా ఆ దారినే పైకి పోయింది. ఆ పొగలే లోకాన్ని వేడెక్కిస్తున్నాయని టీవీలో చెబితే, మనకు తిండి పెట్టిందీ అదేగా అని చానెల్ మార్చేవాడు. ఒకప్పుడు వేసవిలో కూడా పొద్దు గూకాక ఆరుబయట మంచం వేస్తే ఒళ్లు చల్లబడేది. ఇప్పుడు తెల్లారినా గోడలు చల్లారడం లేదు. బాయిలో ఉక్క భరించలేకపోతే పైకి ఎక్కి వచ్చేవాడు. ఇప్పుడు పైనే ఉక్క. ఇక్కడి నుంచి ఎక్కడికి ఎక్కాలి?

దవాఖానలో సెలైన్ పెట్టి, ఒంటినిండా తడిబట్టలు పరిచి, ఫ్యాను మంచం పక్కకు జరిపారు. డాక్టరమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. మొగిలికి ఆ నిలబడడం చూస్తేనే భయమేసింది. పొద్దు వాలుతుండగా లింగవ్వ కళ్లు తెరిచి అతన్ని గుర్తుపట్టింది.

"సలి పెడ్తాంది. గొంగడేది?"

"ఇంటికాడుంది."

"తెచ్చి కప్పరాదు?"

"కప్పనే."

"గిదేం మనిషివయ్యా. ఇన్నేండ్లు నీకు కప్పిన. ఒక్కనాడు నాకు కప్పుమంటె కప్పవు."

"కప్పిన," అన్నాడు మొగిలి. "గందుకే ఈడున్నం."

ఆమెకు అర్థం కాలేదు. ఆమె పైపెదవి మీద ఒక చెమట చుక్క మెరిసింది. తుడవబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు. పక్క మంచం మీదికి ఇంకెవరినో ఎత్తుతున్నారు. "ఎండలకు పోనేలేదు సారు, ఇంట్లనే ఉన్నది," అంటోంది ఎవరో ఆడమనిషి గొంతు.