చెంచా ఎవరి వైపు

వాన ముందు గాలి. పచ్చి ఆకు వాసన.

క్లెమెంటి వృద్ధాశ్రమం కిటికీ అవతల నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుంటున్నాయి. ఒకటి... మరొకటి... కొమ్మంతా.

కిటికీ ఇవతల ఒక నోరు ముడుచుకుంది.

అహ్‌మా నోరు. అహ్‌మా అంటే అవ్వ. వార్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కొన్నాళ్ళుగా ఆమె మెతుకు మింగడం లేదు. ఈ పూట కూడా తినకపోతే రేపు ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

గొట్టం పీక్కోకుండా చేతులు కట్టేస్తారు. పక్క మంచం మనిషిని కల్పన రోజూ చూస్తోంది — కట్టిన చేతులు. గాలిని గోకే వేళ్ళు.

కల్పన అక్కడ కొత్త ఆయా. భర్త నిశాంత్ సైన్స్ పార్కులో ప్రోగ్రామరు. పూటకో కంపెనీ పుట్టే రోజులవి. తెలిసినవాళ్ళంతా కంప్యూటర్ భాషలు నేర్చుకుంటున్నారు.

కల్పన హొక్కియెన్ నేర్చుకుంటోంది.

అదో చైనా భాష. అహ్‌మాకు వచ్చింది అదొక్కటే. నేర్పింది హెడ్ నర్సు ఉమ ఆంటీ. తాతల నాడే సింగపూర్ వచ్చిన తెలుగింటి మనిషి; ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తుంది.

"చియా అంటే తిను. చూయ్ అంటే నీళ్ళు. ఖున్ అంటే పడుకో. అంతే చాలు లా. వాళ్ళకేం హరికథ చెప్తావా నువ్వు? ఇంకోటి — పేషెంట్ల మకన్, అదే తిండి, నీ నోట్లో పెట్టుకున్నావో, ఉద్యోగం ఊడుతుంది."

మూడు మాటలు. ఒక గిన్నె గంజి.

"చియా," అంటుంది కల్పన, మంచం పక్కన నిలబడి. చెంచా చాస్తుంది.

అహ్‌మా ఎండిన చెయ్యి చెంచాను తోస్తుంది. కల్పన వైపే.

"నేను తర్వాత తింటాలే అవ్వా," అని తెలుగులో అనేసి, కల్పన మర్యాదగా వెనక్కి జరుగుతుంది. పెట్టే మనిషి ముందు తింటుందా ఎక్కడైనా?

అహ్‌మా నోరు ముడుచుకుంటుంది.

మాట తప్పా? పలికిన తీరు తప్పా? గంజి తప్పా?

రోజూ ఇదే. చెంచా. చెయ్యి. వెనకడుగు. ముడుచుకునే నోరు.

ఆ పొద్దున ఇంట్లో నిశాంత్ ఉప్మా ప్లేటు పక్కకు నెట్టాడు.

"నెత్తి మీద అలా నిలబడతావేంటి? ముద్ద దిగట్లేదు నాకు. కూర్చో. నువ్వూ తిను."

"మీరు కానివ్వండి."

"జైల్లో తింటున్నట్టుంది."

అప్పుడు కల్పన నవ్వేసింది. ఇప్పుడు, గంజి గిన్నెతో నిలబడి ఉండగా, ఆ మాట గుచ్చుకుంది.

స్టూలు లాక్కుని కూర్చుంది.

"చియా."

చెంచా అవ్వ పెదాలకు తగిలింది. అదే చెయ్యి. అదే తోపు. చెంచా కల్పన పెదాల దగ్గర ఆగింది.

చేప గంజి. శనివారం... వెంకన్న వారం. నీసు ముట్టదు. పైగా అవ్వ పెదాలు తగిలిన ఎంగిలి. పైగా ఉద్యోగం.

పక్క మంచం మీద వేళ్ళు గాలిని గోకుతున్నాయి.

కల్పన తినేసింది.

అహ్‌మా కళ్ళు ఆమె గొంతు మీదే ఉన్నాయి. అది దిగేదాకా.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది.

ఒక చెంచా. మింగింది.

ఎందుకు? విషం లేదని చూసుకుందా? కూతురనుకుందా? పిల్ల ఆకలితో మాడుతోందనుకుందా? మూడు మాటలకు ఆ ముఖం అందదు...

అహ్‌మా చెంచాను మళ్ళీ తోసింది. కల్పన మళ్ళీ తింది. అవ్వ మళ్ళీ తెరిచింది.

"తింటోందా?" గుమ్మంలో ఉమ ఆంటీ.

"తింటోందాంటీ."

ఉమ ఆంటీ కల్పన పెదవి మీది మెతుకు చూసింది.

"ఎవరు?"

లోపలికి రాలేదు. వెళ్ళిపోలేదు.

గిన్నెలో ఇంకా సగం గంజి. అహ్‌మా చెయ్యి చెంచాను తోస్తోంది — ఇటే.

కిటికీ అవతల ఆకులన్నీ ముడుచుకునే ఉన్నాయి. వానకో... పొద్దు వాలినందుకో.