చెరపనన్న మూడు చుక్కలు

జర్మనీలోని రూర్ లోయలో బొగ్గు గనులు మూతపడ్డాక నేనొక ప్రయోగశాలలో లేతు పనికి కుదిరాను. వీబ్కె టెర్‌హోర్స్ట్ అక్కడ డాక్టరేట్ చేస్తుండేది. ప్రోటీన్ కలిపిన నీటిలోంచి టెరాహెర్ట్జ్ కిరణాలు పంపి, ఎన్ని ఇంకిపోతున్నాయో కొలవడం ఆమె పని. వాటిని ఎక్కువగా మింగేది నీరే. ప్రోటీన్ పెరిగి నీరు తగ్గేకొద్దీ గ్రాఫులో గీత కిందికి దిగాలి. ఆమె గీత మాత్రం మొదటి మూడు కొలతల చుక్కల దాకా పైకెక్కి, ఆ తర్వాతే దిగింది.

"ప్రోటీన్ చుట్టూ ఉన్న నీళ్లు మామూలు నీళ్లలా కదలట్లేదు, ఎగోన్ గారూ," అంది నాతో.

ఆమె గైడు ప్రొఫెసర్ క్నిప్‌హోఫ్ కొట్టిపారేశాడు. "మీ డబ్బీ కారుతోంది, మిస్ టెర్‌హోర్స్ట్. ఆ మూడు చుక్కలూ తీసేసి బుధవారం సెమినార్లో చూపించండి."

నమూనా పోసే ఆ డబ్బీ చేసింది నేనే. ఒళ్లు మండింది. "ఇంకోటి చేసిస్తా. అదీ కారితే నన్ను ఇంటికి పంపెయ్యమను," అన్నాను వీబ్కెతో.

కొత్త డబ్బీతో పదకొండుసార్లు కొలిచింది. ప్రతిసారీ గీత పైకే లేచింది. ప్రోటీన్‌ను వేడిచేసి మడతలు విప్పేస్తే మాత్రం ఆ ఎగుడు పోయింది. డబ్బీ కారడమే కారణమైతే అప్పుడూ ఉండాలి కదా.

బుధవారం మూడు చుక్కలనూ ఎర్రరంగులో, పెద్దవిగా చూపించింది. క్నిప్‌హోఫ్ లేచి నిలబడ్డాడు.

"తీసెయ్యమన్నాను."

"విన్నానండీ. తియ్యను."

"మీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేను."

"తెలుసు. రేపు తొమ్మిదింటికి రండి. మీ చేత్తోనే పోసి మీరే కొలవండి. నేను వేలు కూడా పెట్టను."



మర్నాడు ఆయన వచ్చాడు. ఆమె చేతులు కట్టుకుని గోడవార నిలబడింది. ఆయన మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ గీత పైకెక్కింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేనిప్పటికీ నమ్మను," అన్నాడు.

"నమ్మక్కర్లేదండీ. మీరు కొలిచిందేదో నోటుబుక్కులో రాసి సంతకం పెట్టండి చాలు."

ఆయన పెన్ను తీసి రాసి, సంతకం పెట్టాడు.

ఆయన వెళ్లాక ఆమె నా బల్ల దగ్గర కూలబడింది. "భయపడ్డావా?" అన్నాను.

"చచ్చేంత," అని నవ్వింది.

మరుసటి ఏడాది ఆ కొలతల మీద ఆమె వ్యాసం అచ్చయింది. తన పేరు వెయ్యొద్దని క్నిప్‌హోఫ్ కబురు పెట్టాడు. ఆమె బతిమాలలేదు. ఆయన పేరుండాల్సిన చోట, నాకు మాటమాత్రం చెప్పకుండా, నా పేరు వేసింది.