రన్నింగ్ రూములో క్యారమ్ బోర్డు

నేను ఒక క్యారమ్ బోర్డును. వరంగల్లులో ఒక వడ్రంగి దుకాణంలో పుట్టాను. మామిడి చెక్క చట్రం, మధ్యలో నున్నటి ప్లైవుడ్డు, నాలుగు మూలలా దారపు సంచులు. మొదట నన్ను కొన్నది ఒక ఉద్యోగుల క్లబ్బు. అక్కడి పెద్దమనుషులు ఆఫీసులో ఎన్ని మాటలు పడ్డా నోరెత్తేవారు కాదట. నా దగ్గర మాత్రం ఒక నల్లకాయ కోసం గొంతులు చించుకుని, నెలల తరబడి పలకరింపులు మానేసేవారు. క్లబ్బుకు పెద్ద టీవీ రాగానే నేను అడ్డమయ్యాను. నన్ను రైల్వే రన్నింగ్ రూముకు ఇచ్చేశారు.

రన్నింగ్ రూమంటే బండి దిగిన డ్రైవర్లు మళ్ళీ బండి ఎక్కేదాకా తిని, పడుకుని లేచే చోటు. మాది ఒక జంక్షన్లో, యార్డు పక్కనే. మిట్టమధ్యాహ్నం పళ్ళు తోముకునేవాళ్ళు, పొద్దున్నే దుప్పటి ముసుగు పెట్టేవాళ్ళు, అందరూ అక్కడే. నిద్ర రానివాళ్ళు నా చుట్టూ చేరేవారు.

వాళ్ళలో సమ్మయ్య ఒకడు. కాజీపేట మనిషి, గూడ్సు బళ్ళ లోకో పైలట్. స్ట్రైకర్ వదిలేముందు "ఇగ చూడుర్రి" అనేవాడు. ఆట మధ్యలో భార్య కౌసల్యకు ఫోను చేసి, "ఏం కూరొండినవ్?" అని అడిగేవాడు. ఆమె ఏది చెప్పినా "నేను లేనప్పుడే మంచియి వండుతవ్" అని నవ్వేవాడు.

ఒక ఎండాకాలం సమ్మయ్య బండి దిగి వచ్చి, ఎవరివంకా చూడకుండా పోయి మంచం మీద కూచున్నాడు. జరిగింది అతని అసిస్టెంటు చెప్పాడు. మలుపు దగ్గర గడ్డిమోపు ఎత్తుకున్న ఒక ఆడమనిషి పట్టాలు దాటుతోంది. సమ్మయ్య హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. అంత బరువున్న బండి వేసినచోట ఆగదు. ఆమె బతకలేదు.

అందరూ వచ్చి ఓదార్చారు. "డ్రైవరన్నంక తప్పదన్నా" అన్నారు. "నీ తప్పేముంది" అన్నారు. "ఓ పెగ్గేసి పండుకో" అన్నారు. తర్వాత కాయలు పేర్చుకున్నారు. నా మూల సంచి చిరిగితే ఆ పూటే సూదీ దారం వెతికిన మనుషులే వాళ్ళు. మనిషి లోపల చిరిగితే మాత్రం దానంతట అదే అతుక్కుంటుందనుకున్నారు.

విచారణ అయింది, సెలవు అయిపోయింది, సమ్మయ్య డ్యూటీకి వచ్చాడు. కానీ స్ట్రైకర్ వదిలేముందు "ఇగ చూడుర్రి" అనడం మానేశాడు. యార్డులో హారన్ వినిపిస్తే ఉలిక్కిపడేవాడు. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేసేవాడు. కౌసల్య ఫోను మోగుతుంటే చూస్తూ కూచునేవాడు, ఎత్తేవాడు కాదు.

అది గమనించినవాడు ఆశీర్వాదం. బాపట్ల వైపువాడు, అతనూ గూడ్సు పైలటే, సమ్మయ్య కంటే కాస్త చిన్న. ఒక మధ్యాహ్నం మిగతావాళ్ళు నిద్రపోతుంటే సమ్మయ్యకు ఎదురుగా కూచుని నా మీద పౌడరు చల్లాడు. ఇద్దరూ ఆట మొదలుపెట్టారు. సమ్మయ్య వదిలిన స్ట్రైకర్ ఒక్క కాయనూ తాకలేదు.

"హారన్ ఇని నా దిక్కు చూసింది తమ్మీ" అన్నాడు సమ్మయ్య ఉన్నట్టుండి. "ఆ చూపు పోతలేదు. కండ్లు మూస్తే అదే."

ఆశీర్వాదం స్ట్రైకర్ పక్కన పెట్టాడు.

"ఒక్కోపాలి నేను గూడ పోయి ఆ పట్టాల మీద నిలవడితే అయిపోతది గదా అనిపిస్తాంది."

నేను చెక్కను. నాకు గుండె లేదు. అయినా ఆ మాట తర్వాత గదిలో ఫ్యాను చప్పుడు కూడా బరువుగా వినిపించింది.

ఆశీర్వాదం అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఈ మాట నాతో చెప్పి మంచి పని చేశావన్నా. నాకూ ఒకసారి ఇలాగే అయింది. ఎవరికీ చెప్పుకోలేక ఇంట్లో పిల్లల మీద అరిచేవాణ్ణి. చివరికి డాక్టరు దగ్గరికెళ్ళా. మన రైల్వే ఆస్పత్రిలోనే ఉంటాడు."

"పిచ్చి డాక్టరా? తెలిస్తే ఇంజను దింపుతరు."

"దింపితే దింపనీ. నువ్వుండాలి కదన్నా ముందు."

అంతలోనే డ్యూటీలు వేసే లాబీ నుంచి ఫోను వస్తే ఆశీర్వాదం ఎత్తాడు. సమ్మయ్యకు బండి సిద్ధంగా ఉంది, రమ్మని. సమ్మయ్య అలవాటు కొద్దీ లేచి చొక్కా అందుకున్నాడు. ఆశీర్వాదం ఆపలేదు, ఫోను అతని చేతికే ఇచ్చి పక్కన నిలబడ్డాడు. సమ్మయ్య చొక్కా మళ్ళీ మంచం మీద పెట్టాడు. అవతలివాడు హలో హలో అంటున్నాడు.

"నాకు పాణం బాగలేదు సార్" అన్నాడు చివరికి. "ఇయ్యాల బండి నడపలేను."

అని ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆశీర్వాదం కౌసల్యకు ఫోను చేసి, ఆమె వచ్చేదాకా అతన్ని ఒక్క క్షణం ఒంటరిగా వదల్లేదు. ముగ్గురూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు.

మళ్ళీ సమ్మయ్యను చూసేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. అతను భయపడ్డట్టే ఇంజను దింపారు. చికిత్స ముగిసేదాకా మా రన్నింగ్ రూములోనే వంటా పడకలూ చూసుకొమ్మన్నారు. "బండి పోయి పప్పుచారు మిగిలిందిరా" అని ఒకరిద్దరు వెనకాల నవ్వారు. అతనికి వినిపించింది, బాధ పడ్డాడు కూడా. అయినా వేళకు తిన్నాడు, సాయంత్రం యార్డు గోడ వెంట నడిచాడు, డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్ళాడు. కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు మంచం దిగేవాడు కాదు. దిగని రోజు కౌసల్యకు ఆ మాటే చెప్పేవాడు, దాచలేదు.

ఆ వానలకే నా ప్లైవుడ్డు ఉబ్బింది. కొత్త బోర్డు వచ్చింది. నన్ను వంటగది వెనక అరుగు మీద పడేస్తే, వంటాయన నా మీద మిరపకాయలు ఎండబెడుతున్నాడు. ఘాటుకు అలవాటు పడ్డాను.

మొన్న భోజనాల దగ్గర సమ్మయ్య గోలీ వేసుకుంటుంటే ఎవరో అడిగారు, అది దేనికన్నా అని. "మనసుకు" అన్నాడు, బీపీకి అన్నంత మామూలుగా. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

కాసేపటికి వాళ్ళలో ఒకడు, అంతకుముందు పప్పుచారని నవ్వినవాడే, వెనకవైపు నుంచి సమ్మయ్య కూచున్న అరుగు దగ్గరికి వచ్చాడు. సమ్మయ్య నన్ను మిరపకాయలతో సహా పక్కకు జరిపి చోటు చేశాడు. అతను కూచుని, చాలాసేపు కాలి వేళ్ళతో నేల గీకాడు.

"అన్నా, ఆ డాక్టరు ఏ రోజు కూసుంటడు?"

సమ్మయ్య ఎందుకని అడగలేదు.

"రేపుంటడు. పొద్దుగాల తయారుగుండు, నేనొస్త నీతోని" అన్నాడు.