ఒక అడ్రసుకు ఒకే మెయిలు

మునికుమార్ రాసిన కోడంతటిలో అతనికి బాగా నచ్చిన లైను ఒకటుంది. ఒక అడ్రసుకు ఒక్క మెయిలే పోవాలి, రెండోది పోకూడదు. అంతే దాని పని. అది రాసిన రోజు కుర్చీ వెనక్కి వాల్చి తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద మోహన్ నడిపే చిన్న కంపెనీ అది. కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సులను తీసుకుంటోంది. సెలెక్టయిన వాళ్లకు ఫలానా రోజు సర్టిఫికెట్లతో రమ్మని మెయిళ్లు పంపే పని వీళ్లకు ఇచ్చారు. పంపేది వీళ్ల కంప్యూటర్ కాదు, ఎక్కడో ఉన్న క్లౌడ్ సర్వీసు. కోడ్ పంపమంటే అది పంపుతుంది. మొదట్లో ఆ సర్వీసు వాళ్లు మన అడ్రసులకు మనం పంపుకోవడానికే ఒప్పుకున్నారు. బతిమాలగా బతిమాలగా అందరికీ పంపే అనుమతి ఇచ్చి, ఒక బెదిరింపు కూడా జతచేశారు. అందుకున్న వాళ్లు స్పామ్ అని ఎక్కువసార్లు నొక్కితే అకౌంటు మూసేస్తారట.

అది చదివినప్పటి నుంచి మోహన్‌కు కంటిమీద కునుకు లేదు. "ఒకే అడ్రసుకు గుంపుగా పోయినాయంటే మన కొంప మునుగుతాది అబ్బా. సూసి రాయి" అన్నాడు. మునికుమార్ చూసే రాశాడు. తన అడ్రసునే మూడుసార్లు ఇచ్చి పరీక్షిస్తే ఒక్క మెయిలే వచ్చింది. సంబరపడ్డాడు.

ఆ ఉద్యోగాలకు అతని చెల్లెలు రూతు కూడా రాసింది. వాళ్లమ్మ చర్చికి పోవడం మొదలుపెట్టింది ఇద్దరి కాన్పులకూ మధ్యలో, అందుకే ఆ పేర్లు అట్లా కుదిరాయి. చిత్తూరులో నర్సింగ్ చదివి రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతోంది ఆ పిల్ల. ఇది రాకపోతే ఇక తెల్ల డ్రస్సు పెట్టెలో పెట్టేస్తానంది. "నువ్వు మాత్రం నా పేరు సూడొద్దన్నా. అన్న వల్ల వచ్చినాదని ఎవురూ అనకూడదు" అని ముందే మాట తీసుకుంది. మునికుమారూ పట్టుదల మనిషే. ఆసుపత్రి పంపిన పేర్లను తెరిచి చూడకుండా కోడ్‌కు అప్పజెప్పాడు. ఎంత నిజాయితీ! దాన్ని తలకు పోసుకోనా, ఒంటికి పూసుకోనా?

మెయిళ్లు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. మోహన్ అందరికీ బిర్యానీ తెప్పించాడు.

ఆ సాయంత్రమే రూతు ఫోన్ చేసింది. "నాతోపాటు రాసిన లోహితకు వచ్చినాదంటన్నా. నాకు రాలా."

"ఇంకా టైముండాదిలే, సూద్దాం" అన్నాడు. అన్నీ ఒక్క విడతలోనే పోయాయని, ఇక రావాల్సింది ఏమీ లేదని అతనికి తెలుసు.

"నాకంత తెలివి లేదులే అన్నా" అంది. ఆ మాట అతన్ని చాలా రోజులు పీడించింది. మామిడి సీజను మొదలవగానే రూతు బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడిగే పనికి చేరింది.

చెల్లెల్ని చూసిపోదామని ఒక ఆదివారం మునికుమార్ బంగారుపాళ్యంలో బస్సు దిగాడు. బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ నడిపే చెంగయ్య కేకేసి టీ తెప్పించాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఏ అప్లికేషన్ పెట్టాలన్నా అతని దగ్గరికే వస్తారు.

"ఏమప్పా, మా పక్క నుంచి ఒక్క పిల్లకేనా ఉద్యోగం? ఇంతమంది రాస్తే లోహితకొకటే వచ్చినాది. మీవోళ్ల కండ్లకు మేం ఆనలేదా?"

"లోహితకొకటే అని నీకెట్ల తెలుసు మామా?"

"నాకు తెలవకుండా యాడికి పోతాది? అందురికీ నా మెయిలడ్రసే కదా కొట్టేది. పిల్లోళ్లు పాస్‌వర్డులు మర్సిపోతారు. వచ్చినదాన్ని నేనే సూసి ఫోన్ చేస్తా. నీ కాలేజీ సీటుకు చేసినానే, మర్సిపోయినావా?"

మునికుమార్ చేతిలో టీ అట్లాగే ఉండిపోయింది. మర్చిపోయాడు. ఈ నేల మీద పుట్టి, ఇదే అడ్రసుతో సీటు తెచ్చుకుని, తిరుపతిలో ఏసీ గదిలో కూర్చుని మనిషికొక అడ్రసు ఉంటుందనుకున్నాడు. చెంగయ్య అడ్రసుకు మొదటి పేరు లోహితది తగిలింది. ఆమెకు మెయిలు పోయింది. ఆ తర్వాతి పిల్లలందరినీ తను మెచ్చుకున్న ఆ లైను నోరు నొక్కేసింది.

అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. రూతు పేరు ఉందా అని అడిగాడు. ఉందన్నారు. ఆ రోజు రాలేదు కాబట్టి వెయిటింగ్‌లో ఉన్న వాళ్లను తీసుకున్నాం, వాళ్లు డ్యూటీలో చేరిపోయారు, ఇక కుదరదన్నారు. తప్పు మాదేనని ఎంత మొత్తుకున్నా వినలేదు. మోహన్‌కు చేస్తే, "ఈ మాట బయట అన్నావంటే మన కంపెనీ పోతాది. ఆ పిల్లోళ్లకు ఇంకోటి వస్తాదిలే" అని పెట్టేశాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు మారే వేళకు రూతు వచ్చింది. మామిడి సొన తగిలి వేళ్లు పొక్కిపోయి ఉన్నాయి. మునికుమార్‌ ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కోడ్ సంగతి, చెంగయ్య అడ్రసు సంగతి అంతా కలగాపులగంగా చెప్పాడు. ఆమెకు సగం అర్థం కాలేదు.

"అంటే... నా పేరుండాదా అన్నా?"

"ఉండాది."

రూతు మొహం విప్పారింది. రెండేళ్లలో అతను చూడని నవ్వు అది. వెనక్కి తిరిగి, తనతో కాయలు కడిగే ఆమెకు వినపడేలా అరిచింది. "యశోదమ్మక్కా, నాకూ వచ్చినాది! నా పేరుండాదంట!" మళ్లీ అన్న వైపు తిరిగి తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎప్పుడు చేరాలన్నా? డ్రస్సు పెట్టెలోనే ఉండాది, ఇస్త్రీకి ఇయ్యాల."

మునికుమార్ గేటు ఊచ పట్టుకున్నాడు.

"చెప్పన్నా" అంది రూతు, ఇంకా నవ్వుతూనే.